బేబీ శ్రీదేవి గురించి అడిగారు కదా

పోయిన సంచికలో ఒక పేజీ కింద చిన్న ఫొటో వేశాం, బేబీ శ్రీదేవిది. రెండు జడలు, గుండ్రటి మొహం, మొహానికి మించిన కళ్ళు. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈ శీర్షికకి సినిమా ప్రశ్నలు ఎప్పుడూ వస్తాయి గానీ, ఇంతమంది ఒకే మనిషి గురించి, అదీ ఆమె చిన్నతనం గురించి అడగడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టేశాను. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా మనవరాలు ఫోన్లో 'బూచాడమ్మా బూచాడు' పాట చూస్తుంటే, ఆ పాప శ్రీదేవే అని చెప్పాను. నమ్మడం లేదు. అతిలోకసుందరి వేరు, ఈ పాప వేరు అంటోంది. మీరైనా చెప్పండి. అసలు ఆమె తెలుగమ్మాయేనా? (ఒక అమ్మమ్మ, తెనాలి)

అమ్మా, మీరే గెలిచారు. ఆ పాప శ్రీదేవే. 1972లో వచ్చిన 'బడిపంతులు' సినిమాలోది ఆ పాట. రాసింది ఆత్రేయ, బాణీ కె.వి.మహదేవన్‌ది, పాడింది పి.సుశీల. అప్పటికి శ్రీదేవికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో టెలిఫోన్ ఉండడమే గొప్ప అయిన రోజుల్లో, ఆ ఫోన్లోంచి మాట్లాడేవాడిని బూచాడని చెప్పే పాట అది. మీ మనవరాలికి ఇంకోసారి పెట్టి చూపించండి, ఈసారి సుశీలమ్మ గొంతు వినొద్దని, ఆ పిల్ల పెదవులు మాత్రం చూడమని చెప్పండి. పెద్దావిడ పాడిన పాటకి తొమ్మిదేళ్ళ పిల్ల పెదవి కలుపుతోంది, కలుపుతూనే కళ్ళు పెద్దవి చేసి భయపెడుతోంది, ఆ వెంటనే తనే నవ్వేస్తోంది. ఆ కళ్ళు పెద్దవి చేయడం ఉంది చూశారా, సరిగ్గా దాన్నే 1991లో 'క్షణక్షణం'లో భయపడే సీన్లలో మళ్ళీ చూస్తాం. ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూపిస్తే మీ మనవరాలు ఇంక మారుమాట్లాడదు.

నేను 'బడిపంతులు' చూసింది అది విడుదలైన చాలా ఏళ్ళకి, మా ఊరి టూరింగు టాకీసులో, అమ్మ పక్కన ఇసుకలో కూర్చుని. ఆ పాట వచ్చేసరికి డేరాలో ఉన్న పిల్లలందరం కలిసి పాడాం. మా అమ్మ మాత్రం పాడలేదు, "ఆ పిల్లకి ఎవరు నేర్పారో ఇవన్నీ, ఎన్నిసార్లు చేయించారో" అంది. సినిమా హాల్లో పక్కవాళ్ళు అన్న మాటలు ఎవరికి గుర్తుంటాయి గానీ, ఇది మాత్రం నాకు ఉండిపోయింది.

ఇక తెలుగమ్మాయేనా అంటే, సగం అవును. 1963 ఆగస్టు 13న తమిళనాడులో శివకాశి దగ్గర మీనంపట్టిలో పుట్టింది. నాన్న అయ్యప్పన్ తమిళులు, లాయరు. అమ్మ రాజేశ్వరి మన తిరుపతి ఆవిడ. నాలుగేళ్ళ వయసుకే కెమెరా ముందుకొచ్చింది. 1969లో చిన్నప్ప దేవర్ తీసిన తమిళ 'తునైవన్'లో బాల మురుగన్‌గా కనిపించింది. మన తెలుగులోకి 1970లో 'మా నాన్న నిర్దోషి'తో వచ్చింది, అందులో కృష్ణ, విజయనిర్మల ఉన్నారు. 1971లో మలయాళంలో 'పూంపాట్ట' చేసింది, దానికి కేరళ ప్రభుత్వం ఉత్తమ బాలనటి అవార్డు ఇచ్చింది. 1975లో వచ్చిన 'యశోదకృష్ణ'లో చిన్ని కృష్ణుడు కూడా తనే. అక్కడ మురుగన్, ఇక్కడ కృష్ణుడు. పదేళ్ళు దాటీ దాటకుండానే రెండు రాష్ట్రాల వాళ్ళ చేత దేవుడిగా దణ్ణాలు పెట్టించుకున్న పిల్ల.

ప్రశ్న: ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవే తర్వాత ఆయన పక్కన హీరోయిన్‌గా వేసిందంటే మా ఫ్రెండ్సు మీమ్సు పెట్టి నవ్వుకుంటున్నారు. అప్పుడు ఆమె వయసెంత? అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదా? (ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

నువ్వు నవ్వుతూ అడగలేదు, అందుకు సంతోషం తమ్ముడూ. దీనికి కొంచెం పెద్ద జవాబే చెప్పాలి.

'బడిపంతులు' 1972లో. 'వేటగాడు' 1979లో. మధ్యలో ఉన్నది ఏడేళ్ళు. 'వేటగాడు' వచ్చేనాటికి శ్రీదేవికి 16 నిండీ నిండలేదు, ఎన్టీ రామారావు గారు 1923లో పుట్టారు గనక ఆయనకు 56. సినిమా విరగాడింది. 'ఆకుచాటు పిందె తడిసె' పాట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మోగుతుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి 'సర్దార్ పాపారాయుడు', 'కొండవీటి సింహం', 'బొబ్బిలిపులి', 'జస్టిస్ చౌదరి' ఇలా వరసపెట్టి చేశారు. అక్కినేని నాగేశ్వరరావు గారితో 'ప్రేమాభిషేకం' 1981లో, ఆయన అబ్బాయి నాగార్జునతో 'ఆఖరి పోరాటం' 1988లో. ఈ లెక్కలన్నీ మీ మీమ్సులో వచ్చే ఉంటాయి.

కానీ అందరూ ఆ ఇద్దరి వయసుల తేడా దగ్గరే ఆగిపోతున్నారు. నాకు అంతకంటే ఎక్కువ బాధగా అనిపించేది ఇంకొకటి ఉంది. ఆమె హీరోయిన్ అయింది 'వేటగాడు'తో కాదు, అంతకు మూడేళ్ళ ముందే. 1976లో కె.బాలచందర్ తీసిన తమిళ 'మూండ్రు ముడిచ్చు'లో కమల్‌హాసన్, రజనీకాంత్‌ల మధ్య ఆమే కథానాయిక. అప్పటికి 13 ఏళ్ళు. కథ ఏమిటో తెలుసా, ప్రేమించినవాడు చనిపోతాడు, ఆ చావుకి కారణమైనవాడే తన వెంటపడతాడు, చివరికి ఈ అమ్మాయి వాడి తండ్రిని పెళ్ళి చేసుకుని వాడికి పిన్ని అయి కూర్చుంటుంది. ఎనిమిదో తరగతి చదవాల్సిన పిల్ల రజనీకాంత్‌కి సవతి తల్లిగా వేసింది, అదీ ఎవరికీ అనుమానం రాకుండా వేసింది. ఆ సినిమాకి మూలం మన తెలుగుదే, కె.విశ్వనాథ్ 1974లో తీసిన 'ఓ సీత కథ'. అందులో ఆ పాత్ర వేసింది రోజారమణి. ఆవిడ ఎవరు? 1967లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడు. అంటే తెలుగులోనూ తమిళంలోనూ ఆ బరువైన పాత్రని మోసింది నిన్న మొన్నటి దాకా బేబీలుగా ఉన్న ఇద్దరు పిల్లలే. ఇది యాదృచ్ఛికం అని నేననుకోను. చిన్నప్పటి నుంచి సెట్లో ఉన్న పిల్లకి భయం ఉండదు, డైలాగు ఒక్కసారి చెబితే పట్టేస్తుంది, టేకులు తినదు, కాల్షీటు చెప్పిన టైముకి అమ్మ పట్టుకుని వచ్చేస్తుంది. నిర్మాతకి అంతకంటే ఏం కావాలి.

1977లో తమిళ 'పదినారు వయదినిలే', దాన్నే 1978లో రాఘవేంద్రరావు తెలుగులో 'పదహారేళ్ళ వయసు'గా తీశారు. 'సిరిమల్లె పువ్వా' పాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు జల్లుమంటుంది, జానకమ్మ గొంతు, ఉయ్యాల, ఆ అమ్మాయి నవ్వు. సినిమా పేరు పదహారేళ్ళ వయసు. ఆ అమ్మాయికి మాత్రం ఇంకా పదహారు రాలేదు.

అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదా అని అడిగావు. అనలేదు. మేమెవరం అనలేదు. టికెట్టు కొనుక్కుని వెళ్ళి ఈల వేసి వచ్చాం. పెద్ద పిల్ల అయిపోయిందే అనుకున్నాం, అంతే. ఆమెకి ఆ వయసులో ఒక్క ఏడాది ఖాళీ దొరికిందా అని అప్పుడు నేను ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచిస్తుంటే సిగ్గుగా ఉంది. బేబీ శ్రీదేవి అన్న టైటిలు నుంచి బేబీ తీసేసి శ్రీదేవి అని వేయడానికి పట్టినంత టైమే ఆమెకి మధ్యలో దొరికింది.

మీ మీమ్సు చేసేవాళ్ళకి ఇంకొక్కటి చెప్పు. 'బడిపంతులు'లో తాతగా వేసిన ఆ ఎన్టీఆర్ మనవడి పక్కన 2024లో 'దేవర'లో హీరోయిన్‌గా వేసింది శ్రీదేవి పెద్ద కూతురు జాన్వి. దాని మీద మీమ్సు చేసుకోండి, ఎవరికీ నొప్పి ఉండదు.

ప్రశ్న: హిందీ సినిమాల్లో ఆమె గొంతు ఆమెది కాదంటారు. నిజమా? (కరీంనగర్)

మొదట్లో నిజమే. హిందీలో ఆమె చిన్నప్పుడే కనిపించింది, 1975 'జూలీ'లో హీరోయిన్ చెల్లెలు. 1979లో 'సోల్వా సావన్'తో హీరోయిన్‌గా వెళ్ళింది గానీ ఆడలేదు. 1983లో 'హిమ్మత్‌వాలా' వచ్చాక ఇంక ఆపేవాళ్ళు లేకపోయారు. (అది కూడా మన రాఘవేంద్రరావు గారిదే, తెలుగు 'ఊరికి మొనగాడు'ని అక్కడ తీశారు.) అప్పటికి ఆమెకి హిందీ రాదు. తెలుగు, తమిళం వచ్చు, మలయాళం పలికింది, హిందీ మాత్రం డైలాగులు బట్టీపట్టి చెప్పేది. అందుకని డబ్బింగు వేరేవాళ్ళ చేత చెప్పించారు. 'ఆఖరీ రాస్తా'లో అయితే సాక్షాత్తూ రేఖ చెప్పింది.

కానీ ఎక్కువ సినిమాలకు ఆ గొంతు ఎవరిదో తెలిస్తే మీకు మనసు కలుక్కుమంటుంది. నాజ్ అనే ఆవిడది. అసలు పేరు సల్మా బేగ్. 1954లో రాజ్‌కపూర్ తీయించిన 'బూట్ పాలిష్'లో అన్నతో కలిసి బూట్లు తుడిచే చిన్న పాప, బేబీ నాజ్. ఆ నటనకి మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా ఫెస్టివల్‌లో ప్రత్యేక ప్రశంస దక్కింది. పదేళ్ళ పిల్లకి కాన్‌లో పేరు రావడం అంటే మాటలా. పెద్దయ్యాక మాత్రం ఆమెకి అంత పెద్ద వేషాలు రాలేదు, చిన్నా చితకా పాత్రలు చేసి, డబ్బింగులోకి వచ్చింది. అలా ఒకప్పటి బేబీ, ఇంకో ఒకప్పటి బేబీకి గొంతు అయింది. తెర మీద వెలుగంతా శ్రీదేవిది, చీకట్లో మైకు ముందు నిలబడింది నాజ్. నేను 'హిమ్మత్‌వాలా' ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఈ సంగతి తెలిశాక మాత్రం కళ్ళు మూసుకుని ఒకసారి విన్నాను.

శ్రీదేవి తన గొంతుతో తను చెప్పుకున్నది 1989లో 'చాందినీ'లో.

ప్రశ్న: ఆమె చదువుకుందా? మా అమ్మాయి "శ్రీదేవి బడికెళ్ళకుండానే అంత గొప్పదైంది, నేనెందుకు చదవాలి" అంటోంది, ఏం చెప్పమంటారు? (ఒక తండ్రి, విశాఖపట్నం)

మీ అమ్మాయికి శ్రీదేవి మాటే చెప్పండి. బడి, కాలేజీ జీవితం తను పోగొట్టుకున్నానని, బాలనటి నుంచి నేరుగా హీరోయిన్ అయిపోయానని, ఆలోచించుకోవడానికి టైమే లేకపోయిందని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పింది. దాన్ని ఏడుపుగా చెప్పలేదు, సినిమా వల్ల తనకి దక్కింది కూడా చెప్పింది. కానీ పోయిందని మాత్రం చెప్పింది.

షూటింగు అంటే బయటవాళ్ళకి పండగలా కనిపిస్తుంది. ఒక పూట నిలబడి చూడండి, తెలుస్తుంది. పొద్దున్నే మేకప్పు, తర్వాత లైటింగు అయ్యేదాకా ఎదురుచూపు, ఒక షాటు, మళ్ళీ ఎదురుచూపు, ఆ వేడి లైట్ల కింద నగలు, కిరీటం, పట్టుబట్ట. దేవుడి వేషమైతే మేకప్పు చెరిగిపోతుందని అన్నం కూడా జాగ్రత్తగా తినాలి. నిద్రొస్తే పెద్దవాళ్ళు కుర్చీలోనే కునుకు తీస్తారు, పిల్లలేమో అమ్మ భుజం మీద. ఇవాళ వాహినీలో ఒక భాష, రేపు ఇంకో స్టూడియోలో ఇంకో భాష, ఇలా అయితే హాజరు పట్టీలో పేరు ఉండి ఏం లాభం. మద్రాసులో అప్పటి బేబీలందరిదీ దాదాపు ఇదే కథ.

ఆమె సెట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదని, ఒక మూల కూర్చునేదని, యాక్షన్ అనగానే వేరే మనిషి అయిపోయేదని ఆమెతో పనిచేసినవాళ్ళు ఎంతోమంది చెప్పారు. అందరూ దాన్ని గొప్ప విషయంగా చెబుతారు. గొప్పే. కానీ నాకు మాత్రం ఆ మూల కూర్చోవడం చూస్తే, కబుర్లు చెప్పుకోవడానికి తన ఈడు పిల్లలు ఎప్పుడూ లేని మనిషిలా అనిపిస్తుంది. ఇది నా ఊహే సుమా, ఆమె చెప్పింది కాదు.

2012లో 'ఇంగ్లిష్ వింగ్లిష్' చూశారా? చూడకపోతే మీ అమ్మాయితో కలిసి చూడండి. లడ్డూలు చేసి అమ్మే ఇల్లాలు, ఇంగ్లిషు రాదని సొంత కూతురే చులకన చేస్తుంటే, అమెరికా వెళ్ళినప్పుడు ఎవరికీ చెప్పకుండా క్లాసులో చేరుతుంది. 'జుదాయి' వచ్చిన 1997 తర్వాత పదిహేనేళ్ళు ఇంట్లో పిల్లల్ని పెంచుకుని, 49వ ఏట మళ్ళీ పెద్ద తెర మీదకి వచ్చినప్పుడు ఆమె ఎంచుకున్న కథ అది. బడికి సరిగ్గా వెళ్ళలేని మనిషి, ఆ వయసులో తెర మీద నోట్‌బుక్కు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. క్లాసుకి ఆలస్యం కాకూడదని హడావిడిగా నడిచే ఆ నడకలో ఒక ఆత్రం ఉంటుంది. అది నటనే, కానీ ఒక్క నటనేనా అని నాకు అనుమానం.

ప్రశ్న: ఒక్క సినిమా చెప్పమంటే ఏది చెబుతారు? (ఏలూరు)

'వసంత కోకిల'. తమిళంలో 'మూండ్రాం పిరై', బాలు మహేంద్ర తీసింది, 1982. మీరంతా 'జగదేకవీరుడు అతిలోకసుందరి' అంటారని తెలుసు, నాకూ ఇష్టమే, మానస సరోవరం దగ్గర పారేసుకున్న ఉంగరం కోసం భూమ్మీద తిరిగే ఇంద్రజని ఎవరు కాదంటారు. 'క్షణక్షణం' అన్నా ఒప్పుకుంటాను, దానికే నంది వచ్చింది.

కానీ 'వసంత కోకిల'లో ప్రమాదంలో గతం మర్చిపోయి చిన్నపిల్ల అయిపోయిన అమ్మాయిగా వేసింది. కుక్కపిల్లతో ఆడుకుంటుంది, అలుగుతుంది, పేచీ పెడుతుంది, అన్నం తినిపిస్తే గానీ తినదు. సొంత చిన్నతనంలో మురుగన్‌లా, కృష్ణుడిలా, పెద్దవాళ్ళు చెప్పినట్టు నిలబడిన పిల్ల, పంతొమ్మిదేళ్ళు నిండకముందే చిన్నపిల్ల వేషం వేసి తనివితీరా పేచీ పెట్టింది. చివరి రైల్వే స్టేషన్ సీన్లో అందరూ కమల్‌హాసన్ని చూసి ఏడుస్తారు, జాతీయ అవార్డు కూడా ఆయనకే వచ్చింది, న్యాయమే. ఈసారి చూసినప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఆమె మొహం చూడండి. ఎవరో పిచ్చివాడు అనుకుని, పాపం అనుకుని, చూపు తిప్పేసుకుంటుంది. అంతే. ఒక్క చుక్క ఎక్కువ చేసినా ఆ సీను పాడైపోయేది.

ఆమెకి జాతీయ ఉత్తమ నటి అవార్డు బతికుండగా రాలేదు. 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 'మామ్' సినిమాకి జాతీయ అవార్డు 2018లో ప్రకటించారు, అప్పటికే ఆమె లేదు. 2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో, ఒక పెళ్ళికని వెళ్ళి, 54 ఏళ్ళకే పోయింది. ఆ వారం మన టీవీలు ఎలా ప్రవర్తించాయో నేను మళ్ళీ గుర్తు చేయదలుచుకోలేదు. నాలుగేళ్ళప్పుడు మొదలైన కెమెరాలు ఆమె పోయాక కూడా ఆమెని వదల్లేదు.

ప్రశ్న: మిగతా బేబీలంతా ఏమయ్యారు? (డాలస్ నుంచి)

అందరి గురించీ రాయాలంటే ఈ పుస్తకం చాలదు. రోజారమణి గారు డబ్బింగులో స్థిరపడి ఎందరో హీరోయిన్లకి గొంతు ఇచ్చారు, వాళ్ళబ్బాయి తరుణ్ కూడా 'అంజలి'లో బాలనటుడు, తర్వాత 2000లో 'నువ్వే కావాలి' హీరో. మీనా 1984లో రజనీకాంత్ సినిమాలో పాప, 1993లో 'యజమాన్'లో ఆయన పక్కనే హీరోయిన్, మళ్ళీ అదే కథ. మన దగ్గర మాత్రం 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు' అయి అందరి ఇళ్ళలోకీ వచ్చేసింది. షాలిని హీరోయిన్‌గా 'సఖి' దాకా వచ్చి, 2000లో అజిత్‌ని పెళ్ళి చేసుకుని, తనకి చాలనుకున్నప్పుడు ఆపేసింది. ఆ ఆపేయడం నాకు నచ్చుతుంది.

ఒక సంగతి. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో చిరంజీవి చుట్టూ తిరిగే పిల్లల్లో బేబీ షాలిని, బేబీ షామిలి ఇద్దరూ ఉన్నారు. అంటే ఆ సెట్లో ఒకపక్క ఆనాటి బేబీ, ఇంకోపక్క ఈనాటి బేబీలు. షాట్ల మధ్యలో వాళ్ళని చూసి శ్రీదేవికి ఏమనిపించి ఉంటుందో అని నాకు ఎప్పుడూ కుతూహలమే.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్ళు. డాన్సు వీడియో చూసి ఒక కో-ఆర్డినేటర్ ఫోన్ చేశారు, సీరియల్లో వేషం ఉందని. మా వారు సరే అంటున్నారు, అత్తయ్య వద్దంటున్నారు. ఇంటి ఖర్చు మా జీతాలతో నడుస్తోంది, అయినా నాకు టెన్షన్‌గా ఉంది. శ్రీదేవి ఫొటో చూశాక మీకే రాయాలనిపించింది. ఏం చేయమంటారు? (గుంటూరు)

అమ్మా, వద్దని నేను చెప్పను. పిల్లకి ఇష్టమై, వచ్చిన అవకాశం మంచిదైతే, చేయనివ్వచ్చు. శ్రీదేవి కాలంలో లేనిది ఇప్పుడు ఒకటుంది, చట్టం. అది మీకు కో-ఆర్డినేటర్ చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. బాల కార్మిక చట్టాన్ని 2016లో మార్చారు, 2017లో దానికి రూల్సు వచ్చాయి. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని సినిమా, సీరియలు, ప్రకటనల్లో పెట్టుకోవచ్చు గానీ ఊరికే కాదు. నిర్మాత ముందుగా కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి, తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి. రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, అందులోనూ విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకి మించకూడదు. చదువు ఆగకూడదు, దానికి ఏర్పాటు నిర్మాతే చూడాలి. ఐదుగురు పిల్లలకి ఒక బాధ్యతగల మనిషిని పెట్టాలి. పిల్ల ఇష్టం లేకుండా ఏదీ చేయించకూడదని కూడా అందులో రాసి ఉంది.

డబ్బు మాట మరీ ముఖ్యం. వచ్చిన దాంట్లో కనీసం 20 శాతం నేరుగా పాప పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, అది మేజర్ అయ్యాక తనకి వస్తుంది. చట్టం 20 అంది గానీ మీరు 20 దగ్గర ఆగకండి. ఇంటి ఖర్చు మీ జీతాలతో నడుస్తోందని మీరే రాశారు కదా, అలాంటప్పుడు మొత్తం వేసేయండి. పిల్ల సంపాదన మీద ఒకసారి ఇంటి ఈఎంఐ పెట్టారంటే, రేపు ఆ పిల్ల "అమ్మా, నాకు విసుగ్గా ఉంది" అన్నప్పుడు ఆపడం మీ చేతిలో ఉండదు. మీరు ఎంత మంచి తల్లైనా ఉండదు. నేను భయపడేది ఆ ఒక్కదానికే.

మీరు పెట్టే డాన్సు వీడియోల సంగతి కూడా చూసుకోండి. ఈ రూల్సు రాసింది నిర్మాతల కోసం. ఇంట్లో రీల్సు తీసేటప్పుడు నిర్మాత మీరే, డైరెక్టరూ మీరే. "ఇంకొక్కసారి నాన్నా, నవ్వుతూ" అని ఎన్నోసారి అంటున్నారో ఒకరోజు లెక్కపెట్టి చూడండి.

అత్తయ్య గారిని కోప్పడకండి, ఆవిడ భయంలో న్యాయం ఉంది. షూటింగుకి పాపతో పాటు ఆవిడని కూడా తీసుకెళ్ళండి, సెట్లో "ఇంక చాలు, పిల్ల అలిసిపోయింది" అని గట్టిగా అనగలిగేది పెద్దావిడే. కో-ఆర్డినేటర్‌ని అడగాల్సినవి కాగితం మీద రాసుకోండి: కలెక్టర్ అనుమతి ఎవరు తెస్తారు, రోజుకి ఎన్ని గంటలు, రాత్రి షూటింగు ఉంటుందా, బడి ఉన్న రోజుల్లో ఎలా, డిపాజిట్ రసీదు ఎప్పుడిస్తారు. కమీషన్ ముందే ఇమ్మంటే మాత్రం ఫోన్ పెట్టేయండి. అర్ధ సంవత్సరం పరీక్షలు ఎప్పుడో బడిలో కనుక్కుని, ఆ తేదీలు వదిలేసి మిగతావి చెప్పండి. వాళ్ళు ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి, ఎదురుచూస్తుంటాను.